తెలుగు నాటకమునకు తెరయెత్తిన పంతులుగారు

నాటకమనగానే నేడు మన కన్నులకు ఎత్తైన వేదికయు, దాని ముందు జారుతెరయు, ఎదుట వరుసగా వేసిన ఆసనములును తోచును. ఇవి అనాదిగా మన ఊళ్లలో ఉన్నవని అనుకొనుట పొరపాటు. నూటయేబది సంవత్సరములకు పూర్వము తెలుగు పల్లెలలోని జనులు ఎరిగిన వినోదములు వీధినాటకములు, యక్షగానములు, తోలుబొమ్మలాటలు. రాత్రి భోజనములు ముగిసిన పిమ్మట ఊరి నడుమనున్న ఖాళీస్థలమున దివిటీలు వెలిగించుచుండిరి. ఇద్దరు మనుష్యులు ఒక గుడ్డను అడ్డముగా పట్టుకొనిన అదియే తెర. వేషగాడు ఆ తెర వెనుక గజ్జెలు మ్రోగించి, తానెవరో పాటలో చెప్పుకొనుచు ప్రవేశించుచుండెను. జనులు చుట్టును నేలపై కూర్చుండి తెల్లవారువరకు చూచుచుండిరి. కథలు భారత రామాయణములవి, కొత్తవి కావు. తెలిసిన కథనే మరల మరల చూచి ఆనందించుట వారి అలవాటు.

ఇంగ్లీషువారు వర్తకమునకై వచ్చి కలకత్తా, బొంబాయి, మదరాసు పట్టణములలో స్థిరపడిన పిమ్మట, తమ వినోదము కొరకు తమ దేశపు మాదిరిగా నాటకశాలలు కట్టుకొనిరి. మొదట వానిలో ఆడినవారును, చూచినవారును వారే. క్రమముగా ఆ విద్య మనవారి కంటబడెను. 1795వ సంవత్సరమున గెరాసిం లెబెదెవ్ అను రష్యా దేశపు సంగీతజ్ఞుడు కలకత్తాలో ఒక ఇంగ్లీషు హాస్యనాటకమును వంగభాషలోనికి మార్చి, ఆ దేశపు నటీనటులచేతనే ఆడించెను. 1843లో సాంగ్లీలో విష్ణుదాస్ భావే అనునతడు సీతాస్వయంవర కథను మరాఠీలో ప్రదర్శించెను. 1846లో బొంబాయిలో గ్రాంటురోడ్డు నాటకశాల వెలసెను. తరువాత పార్సీలు నాటక కంపెనీలు పెట్టి, చిత్రములు వ్రాసిన తెరలతోను, మెరయు దుస్తులతోను దేశమెల్ల తిరుగజొచ్చిరి. మరాఠీ కంపెనీలును వారి వెంట బయలుదేరెను.

ఈ కొత్త గాలి తెలుగుదేశమునకు సోకినప్పుడు అందరును దానిని చూచి ఆశ్చర్యపడిరి. కాని దానిని తెలుగువారి సొత్తుగ చేయవలెనని తలచి, తలచినదానిని వెంటనే చేసి చూపినవారు రాజమహేంద్రవరమునందలి ఒక బడిపంతులు. వారే కందుకూరి వీరేశలింగము పంతులుగారు.

వీరేశలింగముగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బరాయుడు, తల్లి పూర్ణమ్మ. బిడ్డకు నాలుగేండ్లు నిండునప్పటికే తండ్రి గతించెను. పెదతండ్రి వెంకటరత్నముగారు ఆ కుటుంబమునకు అండయై పిల్లవానిని పెంచిరి. బాలుడు దుర్బలుడు. తరచుగ దగ్గుతో బాధపడుచుండెను. అయినను చదువునందు అందరికంటె ముందుండెను. చేతికి దొరకిన పుస్తకమునెల్ల చదివెను. నాటి ఆచారమును బట్టి 1861లో, పదుమూడవయేట, అతనికి వివాహము జరిగెను. వధువునకు అప్పటికి ఎనిమిదేండ్లు. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి యను పేరు వచ్చెను. ఆ బాలికయే తరువాత భర్త చేపట్టిన కష్టకార్యములన్నిటిలోను సగము భారమును మోసిన ఇల్లాలు.

1869లో వీరేశలింగముగారు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులైరి. ఆ దినములలో అంత చదివినవానికి ప్రభుత్వ కచ్చేరీలో ఉద్యోగము దొరకుట కష్టము కాదు. కాని కచ్చేరీలలో లంచము విచ్చలవిడిగ సాగుచుండెను. న్యాయవాది కావలెనన్నను ఆ వృత్తిలో అసత్యమాడక తప్పదని వారికి తోచెను. కావున ఆ రెండు దారులను విడిచి, జీతము తక్కువైనను ఉపాధ్యాయ వృత్తిని ఎన్నుకొనిరి. కోరంగిలోను, ధవళేశ్వరములోను పనిచేసి, పిమ్మట రాజమహేంద్రవరమున ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగ చేరిరి. అప్పటి నుండి ఊరివారికి వారు పంతులుగారు.

యౌవనమున పంతులుగారు కఠినమైన కవిత్వముపై మోజుపడిరి. పెదవులు తగులక పలుకదగిన అక్షరములతో మాత్రమే, అచ్చతెలుగులో నలుని కథను ఒక కావ్యముగ వ్రాసిరి. పండితులు మెచ్చిరి. కాని అట్టి గ్రంథము వలన బండి తోలువానికి గాని, బడికి పోవు బాలికకు గాని కలుగు మేలేమి? ఈ ప్రశ్న వారి మనస్సును వదలలేదు. నలుగురికి అర్థము కాని విద్య నలుగురిని బాగుచేయజాలదని నిశ్చయించుకొని, సులభమైన వచనమున వ్రాయుటకు పూనుకొనిరి. 1874లో వివేకవర్ధని యను పత్రికను స్థాపించి, లంచగొండులైన అధికారులను, అర్థము లేని దురాచారములను నిర్భయముగ ఖండించిరి. ఆ సంవత్సరమే ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టించిరి. రెండేండ్లకు హాస్యసంజీవని యను మరియొక పత్రికను వెలువరించి, నవ్వించుచు బుద్ధి చెప్పు చిన్న చిన్న ప్రహసనములను అందు ప్రకటించిరి. ముసలివారు చిన్న బాలికలను పెండ్లాడు దుర్నయమును ఎత్తిపొడుచు బ్రహ్మవివాహము అట్టిదే.

పరభాషా గ్రంథమును మనదిగ చేసికొను విద్యను పంతులుగారు మొట్టమొదట నవలపై ప్రయోగించి చూచిరి. ఇంగ్లీషులో ఆలివర్ గోల్డుస్మిత్ వ్రాసిన వేక్‌ఫీల్డు మతాచార్యుని కథను చదివి, దాని పోకడను కొంత గ్రహించి, 1878లో రాజశేఖర చరిత్రమును వ్రాసిరి. కాని అందులోని ఊరు ఇంగ్లీషు ఊరు కాదు, ధవళేశ్వరము. అందులోని నది గోదావరి. అందులోని పెండ్లిండ్లు, జాతకములు, తీర్థయాత్రలు, మోసములు అన్నియు తెలుగువారివి. ఆ గ్రంథమును హచిన్సన్ అను ఇంగ్లీషువాడు తన భాషలోనికి మార్చి 1887లో లండనులో ప్రకటించెను. ఇంగ్లాండునుండి వచ్చిన తలపు ఒకటి తెలుగు వేషము వేసికొని మరల ఇంగ్లాండునకే పోయినదన్నమాట.

1880వ సంవత్సరమున ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చిరి. అప్పటికి ఆ ఊరికి రైలుమార్గము లేదు. అంత దూరమునుండి తెరలను, దుస్తులను, వాద్యములను మోసికొనివచ్చిన సమాజము ఊరిలోనికి వచ్చుటయే ఒక వింత. వారు నాటకములు ఆడుటకై ఒక పాకను నిర్మించి, అందు వేదికను అమర్చి, ప్రదర్శనములు ఇచ్చిరి. జనులు తండోపతండములుగ పోయి చూచిరి. వారి మాటలు తెలుగు కావు. అయినను వేషములు, రంగుల తెరలు, పాటలు చూపరులను ముగ్ధులను చేసెను.

పంతులుగారును వాటిని చూచిరి. తక్కినవారు తెరలను చూచి వచ్చిరి. పంతులుగారు తెరలతోపాటు జనులను కూడ చూచిరి. భాష తెలియకపోయినను వందలకొలది మనుష్యులు గంటలకొలది కదలక కూర్చుండిరి గదా! వివేకవర్ధనిని చదువగలవారు ఊరిలో కొలదిమంది మాత్రమే. అక్షరములు రానివారికి పత్రిక ఏమి చెప్పగలదు? అదే సంగతిని వేదికపై, వారి భాషలోనే చూపినచో, చదువు లేనివాడు సైతము ఇంటికి పోవుచు దానిని గూర్చి ఆలోచింపడా? నాటకము అక్షరములు అక్కరలేని పాఠశాల అని పంతులుగారికి స్ఫురించెను.

ధార్వాడవారు వెడలిపోయిరి. వారు నిర్మించిన పాక మిగిలెను. పంతులుగారు ఆ అవకాశమును జారవిడువలేదు. తమ విద్యార్థులను చేరదీసి, పాఠములు నేర్పి, అదే పాకలో తెలుగు నాటకములు ఆడించిరి. పరుల కొరకు పరులు వేసిన వేదికపై తెలుగు మాట వినబడెను.

ఇది వినుటకు సులభముగ తోచును గాని, నాడు సులభము కాదు. వేషము కట్టుట గౌరవస్థుల పని కాదని లోకుల తలంపు. కుమారుడు పాఠశాలకు పోయి ముఖమునకు రంగు పూసికొనునని విన్న తలిదండ్రులు సంతోషింతురా? స్త్రీలు వేదిక నెక్కుట ఆ కాలమున మర్యాదస్థుల కుటుంబములలో ఊహకైన అందనిది. కావున స్త్రీపాత్రలను బాలురే ధరింపవలసివచ్చెను. శిక్షణము ఇచ్చుటకు ముందుతరమువారు లేరు. తెలుగులో అట్టి వేదికపై ఆడిన నటుడు అంతకుముందు ఎవడును లేడు. అన్నిటికి పంతులుగారే గురువు, గ్రంథకర్తయు వారే, ప్రదర్శనము చెడిన మాట పడవలసినవారును వారే. ఊరిలో వారికి శత్రువులు తక్కువవారు కారు. వివేకవర్ధని దెబ్బ తిన్నవారందరును పంతులుగారు నవ్వులపాలగు దినము కొరకు ఎదురుచూచుచుండిరి.

పంతులుగారు ఆడించిన వానిలో మొదటిదిగ పేరుపొందినది వ్యవహార ధర్మబోధిని. ఇది ఎవరినుండియు తెచ్చుకొన్నది కాదు; కోర్టులలో నిత్యము జరుగు సంగతులనుండి పుట్టినది. అమాయకుడైన కక్షిదారుని ప్లీడరు ఎట్లు మాటలతో మభ్యపెట్టి ధనము గుంజుకొనునో, వ్యాజ్యము పేరిట న్యాయము ఎట్లు అమ్ముడుపోవునో అందు చూపబడెను. పాత్రలు మాటలాడిన భాష పండితుల భాష కాదు. బజారులోను, కచ్చేరీ ముంగిటను వినబడు భాష. తాము న్యాయవాదులు కాకుండుటకు కారణమైన సంగతినే పంతులుగారు నాటకముగ మార్చి ఊరివారి ఎదుట నిలిపిరి. కొత్త తరహా వేదికపై ఆడబడిన మొదటి తెలుగు నాటకము ఇదియేయని పలువురు విద్వాంసులు అంగీకరించిరి. అంతకుముందు తెలుగులో నాటకములు వ్రాయబడలేదని కాదు. 1860 ప్రాంతమున కోరాడ రామచంద్రశాస్త్రిగారు మంజరీమధుకరీయమును రచించిరి. 1876లో వావిలాల వాసుదేవశాస్త్రిగారు షేక్స్పియరు వ్రాసిన జూలియస్ సీజరును తెలిగించి ప్రకటించిరి. అవి పుస్తకములుగ వెలసినవి. పంతులుగారు నాటకమును పుటలనుండి వేదికపైకి ఎక్కించిరి.

ఆ పాకలోనే విద్యార్థులు మరి రెండు నాటకములను ఆడిరి. ఒకటి సంస్కృతమున శ్రీహర్షుడు రచించిన రత్నావళికి తెలుగు. రెండవది చమత్కార రత్నావళి. ఇది షేక్స్పియరు మహాకవి వ్రాసిన పొరపాట్ల హాస్యనాటకమునకు అనుసరణము.

ఆ నాటకపు కథ మిక్కిలి చమత్కారమైనది. ఒక వర్తకునకు కవలపిల్లలు. ఇద్దరును అచ్చుగ్రుద్దినట్లు ఒక్కరూపము. వారికి సేవకులుగ కొన్న బాలురును కవలలే. సముద్రములో ఓడ పగిలి, కుటుంబము చెదరిపోయి, ఒక బాలుడు తన సేవకునితో ఒక దేశమునను, రెండవ బాలుడు తన సేవకునితో మరియొక దేశమునను పెరిగిరి. ఏండ్లు గడచిన పిమ్మట ఒకడు రెండవవాని ఊరికి వచ్చును. ఇక తికమకకు అంతులేదు. ఇల్లాలు మరదిని మగడనుకొని భోజనమునకు పిలుచును. అసలు మగడు వచ్చి తలుపు తట్టిన తెరవరు. కంసాలి ఒకనికి గొలుసు ఇచ్చి, వేరొకనిని సొమ్మడుగును. యజమాని ఒక సేవకుని పంపగా, మరియొక సేవకుడు తిరిగి వచ్చి దెబ్బలు తినును. కడకు అన్నదమ్ములు ఎదురుపడి నిజము బయల్పడును.

పంతులుగారు ఈ నాటకమును ఎన్నుకొనుటలో మంచి వివేకము కలదు. ఈ కథను చూచి నవ్వుటకు ఇంగ్లీషు చరిత్రము తెలియనక్కరలేదు. కవలలను చూచి తికమకపడుట ఏ దేశమునందైనను ఒక్కటే. షేక్స్పియరునకు సైతము ఇది స్వంత కథ కాదు. రెండువేల సంవత్సరములకు పూర్వము రోము దేశమున ప్లాటసు అను నాటకకర్త లాటిన్ భాషలో వ్రాసిన కవలల కథను అతడు తీసికొని, దానికి సేవకులైన కవలలను చేర్చి, తన కాలపు లండను జనులకు నచ్చునట్లు మలచెను. ఒక దేశపు నాటకమును మరియొక దేశము తెచ్చుకొనుట తలవంపులైన పని కాదనుటకు ఆ మహాకవియే సాక్షి. తెచ్చుకొన్నదానిని ఏమి చేసికొంటిమన్నదే చూడవలసిన సంగతి.

పంతులుగారు ఏమి చేసిరి? పాత్రల పేర్లు, ఊర్ల పేర్లు, ఆచారములు మన దేశమునకు తగినట్లు మార్చిరి. ఇంగ్లీషు మాటకు తెలుగు మాటను పెట్టుటతో తృప్తిపడక, అట్టి సమయమున తెలుగు ఇల్లాలు ఏమనును, తెలుగు సేవకుడు ఎట్లు మొరపెట్టుకొనును అని ఆలోచించి వ్రాసిరి. మూలము మాటలకంటె మూలమునందలి నవ్వును కాపాడుట వారి లక్ష్యము. షేక్స్పియరు వ్రాసిన వెనీసు వర్తకుని కథను కూడ వారు తెలిగించిరి. దానికి వెనీసు వర్తక చరిత్రమని పేరు పెట్టిరి. పేరులో వెనీసు నగరము నిలిచియేయున్నది. మొదటి దానివలె అది మన ఊరి కథగ మారుట కష్టము. ఋణపత్రమునకు బదులు మాంసము నడుగు ఒప్పందము, యూదులకును క్రైస్తవులకును నడుమ ఐరోపాలో పాతుకొనిపోయిన వైరము, ఆ దేశపు న్యాయస్థానము, ఇవన్నియు ఆ నేలకు కట్టుబడిన సంగతులు. ఏ నాటకము సముద్రము దాటి రాగలదో, ఏది సులభముగ రాలేదో ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో తెలియును.

పిమ్మట షెరిడన్ అను నాటకకర్త 1775లో లండనున ఆడించిన రెండు హాస్యనాటకములను ఆధారముగ చేసికొని రాగమంజరి, కల్యాణ కల్పవల్లి అను నాటకములను పంతులుగారు వెలువరించిరి. సంస్కృతమునుండి శాకుంతలమును, మాళవికాగ్నిమిత్రమును, ప్రబోధచంద్రోదయమును తెలిగించిరి. ఒక చేత కాళిదాసును, మరియొక చేత షేక్స్పియరును పట్టుకొని, ఇద్దరిని తెలుగువారి ఇంటికి అతిథులుగ తెచ్చిన ఘనత వారిది. అయినను ప్రజల మనస్సులను సూటిగ తాకినవి వారు స్వయముగ వ్రాసిన ప్రహసనములే. పరదేశపు నాటకములవలన విద్య నేర్చుకొని, ఆ విద్యను తమ ఊరి దోషములపై ప్రయోగించుటయే పంతులుగారి మార్గము.

వేదికపై పలికిన మాటకును, జీవితములో చేసిన పనికిని పంతులుగారి విషయమున ఎడము లేదు. బాల్యవివాహములవలన ముక్కుపచ్చలారని బాలికలు వితంతువులై, జీవితమంతయు చీకటిగదులలో గడపుచుండిరి. వారికి మరల వివాహము చేయవలెనని పంతులుగారు వ్రాసిరి, ఉపన్యసించిరి, వాదించిరి. వ్రాతలతోను మాటలతోను ఊరకొనినచో వారిని ఎవరును బాధింపకపోవుదురేమో. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును వారు జరిపించిరి. ఊరు భగ్గుమనెను. బంధువులు దూరమైరి. వారిని కులమునుండి వెలివేసిరి. వంటవారు రాలేదు, నీళ్లు తెచ్చువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెలతో నీరు తెచ్చి, తామే వంట చేసి పెండ్లివారికి వడ్డించిరి. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు పంతులుగారి ప్రక్కన కోటగోడవలె నిలిచిరి.

నాటకమునకును ఈ వివాహమునకును సంబంధమేమని అడుగవచ్చును. సంబంధము కలదు. నలుగురు చూచుచుండగా వేదికపై నిలిచి, నలుగురికి నచ్చని సంగతిని పలుకుటకు ధైర్యము కావలెను. పంతులుగారు తమ పాఠశాలలో వ్యాకరణముతోపాటు ఆ ధైర్యమును కూడ నేర్పిరి. ప్రహసనములోని ముసలి పెండ్లికొడుకును చూచి నవ్విన ఊరు, ఆ నవ్వు వెనుకనున్న బాలిక కన్నీటిని గుర్తింపవలసిన దినము వచ్చెను. అందరును గుర్తింపలేదు; కొందరు గుర్తించిరి. ఆ కొందరితోనే పని సాగెను.

పంతులుగారు తెరయెత్తిన పిదప నాటకము రాజమహేంద్రవరముతో ఆగలేదు. కడప మండలములోని సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు కీచకవధను ప్రదర్శించిరి. ఆ కుటుంబమువారు నాటకమునే వృత్తిగ స్వీకరించి, తరతరములుగ ఊరూర తిరిగి ఆడిరి. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు సరసవినోదినీ సభను నెలకొల్పి, 1887లో చిత్రనళీయమును ఆడించిరి. రాజమహేంద్రవరమునందే ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు నాటక సమాజమును నడపగా, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు వారి కొరకు కీచకవధ, గయోపాఖ్యానము మొదలగు నాటకములు వ్రాసిరి. ఆ సమాజమున వేషములు కట్టిన బాలురలో టంగుటూరి ప్రకాశము ఒకడు. ఆ బాలుడే తరువాత ఆంధ్రకేసరియని పేరొందిన నాయకుడయ్యెను. 1892లో విజయనగరమున గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము ప్రదర్శింపబడెను. కన్యలను అమ్ముకొను దురాచారమును వాడుకభాషలో, వేదికపై, ఎదుటివారికి చూపు పద్ధతికి బాట వేసినవారు పంతులుగారే. బళ్లారి రాఘవాచార్యులుగారు షేక్స్పియరు నాటకములను ఇంగ్లీషులోనే ఆడి మెప్పించి, 1928లో సీమకు పోయి అచ్చటి నాటకశాలలను చూచి వచ్చిరి. ధార్వాడవారు విడిచిపోయిన పాకనుండి లండను నాటకశాలల వరకు తెలుగు నటుడు నడచిన దూరము ఏబది సంవత్సరములు కూడ లేదు.

పరులు వేసిన పాకలో పని ప్రారంభించిన పంతులుగారు, ప్రజలు కూడుకొనుటకు శాశ్వతమైన చోటు కావలెనని కోరిరి. 1890లో రాజమహేంద్రవరమున పురమందిరమును నిర్మింపించిరి. ఉపన్యాసములకు, సభలకు, సంస్కార కార్యములకు అది నెలవయ్యెను. 1893లో ప్రభుత్వము వారికి రావుబహదూరు బిరుదము నిచ్చెను. 1898లో మదరాసున జరిగిన భారత సంఘ సంస్కార మహాసభకు వారు అధ్యక్షత వహించిరి. కొంతకాలము మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగ పనిచేసి, పిమ్మట స్వస్థలమునకు తిరిగివచ్చిరి. తమ ఆస్తినంతయు హితకారిణీ సమాజమునకు అర్పించిరి.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు పరలోకగతులైరి. ఏబది సంవత్సరములకు దగ్గరగ కాపురము చేసిన ఆ దంపతులకు సంతానము లేదు. వారు ఆశ్రయమిచ్చి పెండ్లి చేసిన వితంతువులే వారికి బిడ్డలు. భార్య పోయిన పిదపను పంతులుగారు కలమును విడువలేదు. ఆంధ్రకవుల చరిత్రమును సంస్కరించుచు మదరాసున ఉండగా, 1919వ సంవత్సరము మే 27వ తేదీన కన్నుమూసిరి. అప్పటికి వారు వ్రాసిన గ్రంథములు నూటికి మించియున్నవి.

పంతులుగారు గొప్ప నటులని ఎవరును చెప్పలేదు. శాశ్వతమైన నాటక కంపెనీని వారు స్థాపింపలేదు. తరువాత వచ్చిన రచయితల నాటకములు వారి నాటకములకంటె ఎక్కువకాలము ఆడబడెను. అయినను వారి జన్మదినమైన ఏప్రిల్ 16వ తేదీని తెలుగు నాటకరంగ దినోత్సవముగ ఆంధ్రులు జరుపుకొనుచున్నారు. ఇందుకు కారణము స్పష్టము. తెర పరదేశమునుండి వచ్చెను; పాక ధార్వాడవారిది; కథ షేక్స్పియరుది, అంతకు పూర్వము ప్లాటసుది. ఇన్ని పరుల వస్తువుల నడుమ ఒక బడిపంతులు తన విద్యార్థులను నిలిపి, తన ఊరి భాషను వారి నోట పలికించెను. విత్తు ఎచ్చటినుండి వచ్చినను, మన మన్నులో నాటి మన నీరు పోసి పెంచినప్పుడు, ఆ చెట్టు నీడ మన బిడ్డలదే యగును.